పక్కన కూసునే మనిషి

హలో… ఆ, నేనే ఈరమ్మక్కా, నాగవేణి. ఆదోని నుంచే… తిన్యా. తిన్యాలే… అబద్ధం కాదు, మజ్జిగన్నం.

సేన్లో ఉండావా?… అయితే గట్టు మీద కూసో. పత్తి యాడికీ పోదు. ఐదు నిమిషాలు.

నిన్న కర్నూలు పోయొచ్చినా… ఆ, మనసు డాక్టరు కాడికే… ఒక్కదాన్నే. ఆయన లారీ ఎక్కి పోయినాడు గదా, ఇంగ ఇరవై దినాలకు గానీ రాడు.

డాక్టరు సెప్పినాడు… రెండు రకాల మాత్రలు నిండుగా వాడినా తగ్గలేదంటే, దీన్ని మొండి దిగులు అంటారంట… నేను మొండిదాన్ని కాదక్కా, జబ్బు మొండిది. డాక్టరే అన్యాడు ఆ మాట.

లేదు లేదు, ఇంగా మందులుండాయంట. కొత్తవి. కాగితం మీద రాసిచ్చినాడు. సదువుతా, ఇను.

ఒకటి మాత్ర. ఇప్పుడు మింగేదానికి తోడు ఇంగోటి. ఇంట్లోనే మింగొచ్చు… నిదానమంట. నెల పట్టొచ్చు, పనిచెయ్యకనే పోవచ్చు. కొందరికి కాలు ఒక్క తావున నిలవదంట, కొందరికి ఒళ్లొస్తాదంట.

రెండోది ముక్కులో కొట్టే మందు… నవ్వొద్దు. జలుబుకు కాదు. పనిచేసిందంటే కొన్ని దినాల్లోనే తెలుస్తాదంట… అందరికీ కాదులే.

మూడోది సెలైను మాదిరి నరానికి ఎక్కించేది. అదీ రెండోదాని జాతిదే… ఖరీదే. ఆ సంగతి మా ఇంటాయన సూసుకుంటానన్యాడు. నేను అడిగేది అది కాదు.

అక్కా… నాకు ఆ ముక్కు మందే కావాల. పొద్దున లేసి పొయ్యి కాడికి పోవాలంటే, ఎమ్మిగనూరు దాకా నడిసినట్లుంటాది నాకు. రెండేండ్లాయె. ఇంగో నెల ఓర్సుకో అంటే… నాకు భయమైతాంది.

అయితే దానికి పక్కన మనిషి కావాల.

…అంటే, మందు కొట్టినాంక రెండు గంటలు ఆడనే కూసోబెడతారు. మత్తుగా ఉంటాదంట, మనిషి తన ఒంట్లోనుంచి బయటికొచ్చి నిలబడినట్లు. ఒక్కదాన్నే బస్సెక్కనియ్యరు. ఇంటికి పిలుసుకోని పోయే మనిషి పేరు కాగితంలో రాయాల… వారానికి రెండుసార్లు. నాలుగు వారాలు… ఆ, ఎనిమిది. ఆ గీత మీద నీ పేరు రాద్దామని…

…

తెలుసక్కా. పత్తి తీసే దినాలే. అందుకే సెప్తాండా, బదులు కూలి అనుకో. నువ్వొక దినం నా పక్కన కూసో, నేనొక దినం వచ్చి నీ సేన్లో పత్తి తీస్తా… తీస్తాలే. బాగైతే తీయనా?

భీమక్కనా? పోయిన నెల ఒకసారి ఆస్పత్రికి నా ఎంట వచ్చింది, పాపం, దినం కూలి పోగొట్టుకోని. పక్కింటామెను మళ్లా ఏ మొగం పెట్టుకోని అడిగేది?

…

ఓ… పత్తి కాదా.

…మీ ఉదయ్‌కు పిల్లనిచ్చేటోళ్లా. ఎమ్మిగనూరోళ్లు… మీ పిల్లోని సిన్నమ్మకు పిచ్చంట గదా అంటారు… నువ్వనలేదులే. వాళ్లంటారు. సరే.

అక్కా, మంత్రాలయంలో సేవ చేసినప్పుడు పదకొండు దినాలు నా పక్కన్నే పండుకుంటివి గదా. తడి బట్టల్తో గుడి సుట్టూ నా ఎంట తిరిగితివి. అప్పుడు ఊరందరికీ సెప్పుకోని వస్తివి. సేవలో మాత్రలొద్దంటివి, ఆపితి… తప్పు పట్టడంలేదు నిన్ను. ఆ మాత్రను మళ్లా మొదటినుంచి మింగితి, అయిపోయె. నేను సెప్పేది వేరే. ఆ పదకొండు దినాలు నువ్వు పక్కన ఉంటివి. నాకదే బాగుండె.

అట్లనే రా అక్కా. ఊర్లో మంత్రాలయమే పోతాండామని సెప్పు. ఎవురికి తెలుస్తాది?

…

స్వామి పేరు మీద అబద్ధం సెప్పలేవా.

…నిజమే. నాదే తప్పు. నేను అనకూడదు ఆ మాట.

లేదు, ఏడ్సడంలేదు. ఏడుపొస్తే బాగుండు. అది గూడా రాదు నాకు.

సర్లే. మాత్రే రాయించుకుంటా… ఆ, మంచిదే. ఇంట్లోనే మింగొచ్చు. దానికైతే ఎవురి పేరూ రాయబన్లేదు.

…నీకు పనుంది, తెలుసు. ఒక్క మాట. నెల పట్టొచ్చంటిని గదా… ఆ నెల దినాలు, దినాము ఒకసారి ఫోన్ చెయ్యి. ఊరికే. ఏమీ మాట్లాడబన్లేదు. తిన్యావా అని అడుగు, సాలు…

హలో?

అక్కా?

…

తినలేదక్కా.