అక్కగారి పేరు పక్కన టిక్కు

ఏంటే, మా పాత ఆఫీసులోనే వచ్చిందా నీకు ఉద్యోగం? మెట్లెక్కగానే ఎదురుగోడ మీద బుర్రమీసాలాయన ఫోటో ఉంటుంది, చూశావా? ఆయనే మా పెద్దసారు. రాష్ట్రం మొత్తానికి విపత్తుల శాఖ పెద్ద. ఇప్పుడంటే దండలేస్తున్నారు గానీ, మొదట్లో ఆయన పనేంటో తెలుసా? ఏటి ఒడ్డున గొడుగేసుకుని, నీళ్ళు ఎన్ని అడుగులొచ్చాయో చూసి కాగితమ్మీద రాయడం. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టూ ఎక్కి మా ఊరి ఆఫీసుకి అధికారిగా వచ్చాడు. నేనక్కడ ఫోన్ల దగ్గర కూర్చునేవాణ్ణి. నవ్వకు, అప్పుడు నాకూ జుట్టుండేది.

ఆయనకో పిచ్చి. నెలకోసారి సైరన్ మోగించి, ఏటి పక్క వీధులవాళ్ళందర్నీ గుట్ట మీది కాలేజీకి ఎక్కించేవాడు. ఉత్తుత్తి వరదన్నమాట! "ఉత్తుత్తిదని ఎవడైనా నోరు జారాడో, తోలు తీస్తా. ఫోన్లో నిజమనే చెప్పాలి," అని ఇంత గొంతేసుకుని అరిచేవాడు. నేను ఇంటింటికీ ఫోన్ చేసి, బయల్దేరినవాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు లేని ఇంటికి జీపు వెళ్ళేది. జనం తిట్టుకుంటూనే ఎక్కేవాళ్ళు, పాపం.

ఆయనకి ఒక్కతే అక్క. తల్లి పోతే ఆవిడే చంకనేసుకుని పెంచింది. మోకాళ్ళు అరిగిపోయాయి ఆవిడకి. "మా అక్కైనా సరే, ఎక్కాల్సిందే," అనేవాడీయన. ఆవిడేమో నాతో, "నాయనా, నీకు పుణ్యముంటుంది, వచ్చేశానని రాసేసుకో. వాడికి చెప్పకేం," అని బతిమాలేది. జాలేసి టిక్కు పెట్టేసేవాణ్ణి. సారు ఆ కాగితమే చూసేవాడు గానీ గుట్టెక్కి చూసేవాడు కాదు. రెండేళ్ళు అలాగే నడిచింది.

ఓ రోజు పొద్దున్నే పైనున్న చెరువు కట్ట తెగింది. నిజంగానే. అందరికీ ఫోన్లు చేస్తూ అక్కగారింటికీ చేశా. "అక్కగారూ, ఇది నిజమండీ, నా మీదొట్టు!" అన్నా. పకపకా నవ్విందావిడ. "ప్రతిసారీ ఇదే మాటగా! వచ్చేశా, రాసుకో," అని పెట్టేసింది. పక్కన ఇంకో మూడు ఫోన్లు మోగుతున్నాయి. నేను... అలవాటు తల్లీ, పాడలవాటు... టిక్కు పెట్టేశా. సారు నా భుజం మీంచి కాగితం చూసి, "హమ్మయ్య, అక్క బయల్దేరింది," అని ఉన్న ఒక్క జీపునీ ఆసుపత్రి వైపు తోలించాడు.

అన్ని వీధులూ బతికాయి. పోయింది ఒక్కరే. ఆహా ఓహో అని ఆయన్ని రాష్ట్రానికే పెద్దని చేశారు. పెద్దైతే ఏం లాభం, కనపడ్డప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే. "బయల్దేరింది కదరా, మళ్ళీ వెనక్కెందుకు వెళ్ళింది?" మందులకేమోనండీ అనేవాణ్ణి. కళ్ళద్దాలకేమోనండీ అనేవాణ్ణి. నిజం చెప్పే ధైర్యం నాకు ఏనాడూ రాలేదే. ఆఖరికి మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలిసిందిరా. మా అమ్మ చీర ఒకటి పెట్టెలో దాచుకుంది. దానికోసమే వెళ్ళుంటుంది," అన్నాడు. ఆ మొహంలో ఎంత నిమ్మళమో!

అవునండీ, అదే అయ్యుంటుందన్నాను.

ఆ కిటికీ వెయ్యమ్మా. చలిగాలొస్తోంది.