మొదలు దానిదే

ఆ కాగితాల మీద చెయ్యి తియ్యి ముందు. సభలో నువ్వూ నీ స్నేహితురాలూ వాయిస్తారా? మీ తాతయ్య రాసినవి గనక మనవరాలివి నువ్వు పట్టుకుపోవచ్చు, అంతేనా? కూర్చో. మా నాన్న సంగతి నేను చెబుతా. గొప్ప పనివాడని అందరూ అంటారు, అననీ. నాకు మాత్రం ఆ మనిషి మీద కోపం ఇంకా చల్లారలేదు.

వాద్యాలు బాగుచేసే కొట్టు ఆయనది. కింద కొట్టు, పైన మేము. అన్నం దగ్గర కూడా జిగురు వాసనే. మోకాళ్ల మధ్య పెట్టుకుని కమానుతో వాయిస్తారే, వయోల్, అదంటే ప్రాణం. వేళ్లు బిగుసుకుపోయాక, ఎప్పటివో ఆ పాత ఇంగ్లీషు పాటలన్నీ రెండు రికార్డర్లకి మార్చి రాయడం మొదలెట్టాడు. ఊదే రికార్డర్లే, పిల్లనగ్రోవిలాంటి చెక్కవి. నాకొకటి, మీ అమ్మకొకటి. వయోల్ మీద ఒక్కసారి కమాను లాగితే మూడు తీగలు పలుకుతాయి. మాకున్నవి రెండు నోళ్లు. పైగా ఆ కింది స్వరాలు మాకు అందవు. పాటని పైకెత్తాలి, ఏదో ఒకటి వదిలెయ్యాలి. ఏది వదలాలో ఎవరు చెప్పారనుకున్నావ్? నేను! పక్కన కూర్చుని, ఊది చూపించి, "ఇది పోయినా ఫరవాలేదు నాన్నా, అది పోతే పాట కూలుతుంది" అని. మీ అమ్మేమో కిటికీలో కాళ్లూపుకుంటూ, దారినపోయేవాళ్లకి పేర్లు పెడుతుండేది. మా ఎదురు కొట్టాయనకి పెట్టిన పేరు... సరే, అదిప్పుడెందుకు. తీరా రాసి చేతిలో పెడితే, ప్రతి పాటకీ మొదలు దానిది! నేను ఆగి, తర్వాత అందుకోవాలి. "చాకిరీ నాదీ, మొదలు దానిదీనా?" అన్నా. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, "ఆగి వినడం నీకొచ్చమ్మా. దానికి రాదు" అన్నాడు. ఇదీ న్యాయం! బుద్ధిగా ఉన్నందుకు శిక్ష నాకు.

ఆయన పోయాడు. తర్వాత మీ అమ్మా పోయింది. నాకేం మిగిలాయి? సగం పాటలు. తీసి ఊదబోతే మొదట్లో నాకంతా ఖాళీయే. రెండూ నువ్వే ఊదుకోలేకపోయావా అనకు. దాని స్వరం ఇంకా మోగుతుండగానే నేను అందుకోవాలి, ఎలా కుదురుతుందే? బతికినన్నాళ్లూ దానికోసం ఆగమని రాసిపెట్టి పోయాడు. ఇప్పుడు నీ స్నేహితురాలొచ్చి నా భాగం ఊదుతుందా? ఇవ్వను. ఇవ్వనంటే ఇవ్వను.

ఏంటది, సంచిలో? మీ అమ్మ రికార్డరా? ఇటియ్యి... ఇదిగో పంటిగాట్లు. కొరకొద్దే అంటే వినేదా. నువ్వూ కొరుకుతున్నావా ఏంటి?

ఆ కుర్చీ ఇలా లాక్కో. దగ్గరికి. ఊఁ, చూస్తావేం? మొదలు నీదేగా.