రెండు కార్బురేటర్ల ఇంజను, చంద్రరావు గారి పెన్సిలు

1968వ సంవత్సరం జూన్ 10వ తేదీన ధవళేశ్వరం నీటిపారుదల వర్క్‌షాపులో మెకానిక్కుగా ప్రభుత్వ సేవలో అడుగుపెట్టిన మాన్యులు శ్రీ కొత్తపల్లి చంద్రరావు గారు, ముప్పయ్యారేళ్ల అవిరామ కృషి అనంతరం, ఈ 2004 జులై 31న మోటారు వాహనాల తనిఖీ అధికారిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారిని అభినందిస్తూ వ్రాసే భాగ్యాన్ని సావనీరు కమిటీ నాకు ప్రసాదించింది. వారి పక్క బల్ల దగ్గర పదకొండేళ్లు కూర్చున్నవాణ్ణి కనుక పొగడ్తలకు నా దగ్గర కొదవ లేదు. ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటున్నది.

ధవళేశ్వరంలో ఎనిమిదేళ్లు పంపులూ లాంచీల ఇంజన్లూ విప్పి బిగించిన అనుభవంతో వారు 1976లో మన రవాణా శాఖకు వచ్చారు. ఏ బండి తనిఖీకి వచ్చినా ముందు బానెట్టు ఎత్తి ఇంజను చూసి, ఆ తరువాతనే కాగితాలు అందుకోవడం వారి పద్ధతి. తెల్లచొక్కాలకు అంటిన నూనె మరకల విషయమై వారి శ్రీమతి రామలక్ష్మి గారు మా అందరినీ ఉమ్మడిగా నిలదీసిన సందర్భాలు అనేకం.

1997లో పాలకొల్లు నుంచి సూర్యకళ గారనే ఆవిడ, కాలం చేసిన తండ్రిగారి పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తన పేరిట మార్పించుకోవడానికి తెచ్చారు. తనిఖీ నాది. ఇంజను మీద ప్లేటుకూ, కారు రిజిస్ట్రేషను పుస్తకానికీ నంబరు కలవలేదు. పైగా ఇంజనుకు చేలో పంపుకు వేసే ఆకుపచ్చ రంగు. నేను మహా చురుకైనవాణ్ణి కదా, వేరేచోటి ఇంజను దొంగతనంగా అమర్చారని అనుమానిస్తూ, కారును స్వాధీనం చేసుకోవాలని రిపోర్టు వ్రాసేశాను.

"కారు తీసుకుంటే తీసుకోండి. మా నాన్నగారు దొంగసొత్తు పెట్టుకున్నారని మాత్రం వ్రాయకండి" అన్నారావిడ. ఆమె కళ్లనీళ్లు చూసి కూడా నేను కలం ఆపలేదు. అందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

చంద్రరావు గారు లేచి వచ్చి, బానెట్టు ఎత్తి, కాసేపు చూసి నా వైపు తిరిగారు. "చేలో ఇంజనుకి రెండు కార్బురేటర్లు ఎందుకండీ, మురళీకృష్ణ గారూ?"

నేనూ వంగి చూశాను; పొలం పంపుకు ఉండనివీ, స్పోర్ట్స్ కారుకు ఉండేవీ అయిన రెండు కార్బురేటర్లు అక్కడే ఉన్నాయి. ఎప్పుడైనా దీనితో నీళ్లు తోడారా అని వారు ఆవిడను అడిగారు. ఒక ఎండాకాలం పంపు పాడై నారుమడి ఎండిపోతుంటే, తండ్రిగారు కారు ఇంజనునే విప్పించి గట్టు మీద పెట్టించారట. గట్టు మీద వదిలేసే ఇంజనుకు ప్లేటు లేకపోతే ఎవరిదో తేలదని, మన రైతుల అలవాటు ప్రకారం, తమ పాత పంపు నంబరు ప్లేటు తీసి దీనికి బిగించి రంగు కొట్టారు. తిరిగి కారులో పెట్టినప్పుడు ఎవరూ దానిని తీయలేదు.

చంద్రరావు గారు ప్లేటు మరలు విప్పి, దాని కింద పేరుకున్న జిడ్డును గుడ్డతో తుడిచి, తమ జేబులోని పెన్సిలు నాకిచ్చి, అక్కడ ఇనుములోనే కొట్టి ఉన్న నంబరుకు ప్రింటు తీయమన్నారు. కాగితం పెట్టి రుద్దుతుంటే ఒక్కొక్క అంకే పైకి తేలింది. పుస్తకంలోని నంబరే అది. నేను తలెత్తేలోగా వారు ఆవిడతో, "మా మురళీకృష్ణ గారు పట్టుకున్నారండి, ఈ ఇంజను మీ కారుదేనని" అన్నారు. నా రిపోర్టును నా చేతికే ఇచ్చి, చించేయమన్నారు.

ఆ గౌరవాన్ని ఏడేళ్లు నేనే అనుభవించాను. సూర్యకళ గారు ఏటా పంపే మామిడిపళ్లు కూడా నేనే తిన్నాను. మొన్న వెళ్లి ఆవిడకు జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వి, ఆ రోజే తనకు తెలుసన్నారు. ఈ సాయంత్రం సభ ముగిశాక చంద్రరావు దంపతులను ఇంటికి చేర్చడానికి ఆ కారే వస్తున్నది. ఉన్నవి రెండే సీట్లు కనుక మనమెవ్వరమూ వెంట వెళ్లలేము. నడిపేది చంద్రరావు గారే; తాళం చెవి వారికే ఇవ్వమని ఆవిడ ఆజ్ఞ.

చంద్రరావు గారూ, ఆ పక్క సీటులో రామలక్ష్మి గారితో ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు గోదావరి గట్టు వెంట తిరగండి. పెన్సిలు మాత్రం నేను తిరిగి ఇవ్వను.