నీళ్ళకు ఆగే బండి

1958. బళ్ళారి బ్రాంచి లైనులో ఒక పల్లె దగ్గర ఇంజను పట్టాల పక్కనున్న తొట్టి నుంచి నీళ్ళు పట్టుకుంటోంది. వంకాయల గంపతో ఎక్కబోయిన రైతమ్మకు గార్డు అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కొద్దమ్మా. ఈ పొద్దు నుంచి ఈడ స్టేషన్ రద్దయింది."

"బండి నిలబడే ఉండాది కదప్పా?"

"అది నీళ్ళకు నిలబడింది. మనుషులకు కాదు."

"ఆ తొట్టిలోకి నీళ్ళు యాడ్నుంచి వస్తాండాయి?"

"మీ బాయి నుంచే. మీ ఎద్దులే కదా కపిలె లాగి నీళ్ళు తోడేది."

"మనుషులకు బండి రద్దయితే, బండికి మా ఎద్దులూ రద్దే. ఇప్పేసి వస్తా, గంప చూస్తాండు."

"ఆగమ్మా! ఇంజనుకు ఇంకా సగం నీళ్ళు గూడా పట్టలేదు!"

"అయితే గంప అందుకోప్పా. రేపు మా ఊరోళ్ళందరూ వస్తారు. వాళ్ళవీ అందుకుందువు."