సారె మీద కడిగిన పాట

మైకుసెట్టు అసిరయ్యని ఉండేవోడు. ఆడికి పాటల ప్లేట్లంటే పేణం అనుకో. లక్క ప్లేట్లు పోయి, వంగే ప్లాస్టిక్కు ప్లేట్లు వొచ్చిన రోజులవి. నా పెళ్లికి మైకు కట్టమని మా పెద్దన్న, కుమ్మరి కొల్లయ్య, ఎల్లి అడిగితే, "మీ వాకిలంతా కుండలు కాల్సిన బూడిద. నా ప్లేట్లు మాసిపోతాయి, రాను" అన్నాడంట. అంట ఏటి, నాను అన్న ఎనకాలే ఎల్లి ఆలింటి గుమ్మం కాడే ఉన్నాను, నా సెవుల్తో ఇన్నాను.

ఆడికో అప్ప ఉండేది, తవుడమ్మ. ఆ గొంతు ఎవులికీ లేదు. పట్నం నించి ఎవులో వొచ్చి ఆవిడ సేత పసుపు దంచే పాట పాడించి ప్లేటు సేసి, ఒకటి ఈలకిచ్చి ఎల్లారు. తర్వాత తవుడమ్మ పోయింది. ఉన్నది ఆ ప్లేటూ, ఆవిడ కూతురు నీలవేణీ. గుంటకి పెళ్లి కుదిరింది, దసరా ఎల్లిన వారానికి పసుపు దంచాల. "పసుపు కాడ తల్లి పాడాల కదా మావా, అమ్మ ప్లేటు ఎయ్యి" అందంట. అంతకంటే ఏటీ అడగలేదు పిచ్చిది.

ఏమైందంటే, దసరాకి పనిముట్లకి బొట్లెడతాం కదా. అసిరయ్య పెళ్లాం సూరమ్మ పెట్టికెట్టింది, గొట్టానికెట్టింది, ఆడబిడ్డ మీద పేమ కొద్దీ ఆ ప్లేటుకి ఇంత పసుపు రాసి కుంకం కూడా ఎట్టింది. నల్లటి ప్లేటు, నిండుగా కనపడ్డాదంట. పసుపు గీతల్లోకి దిగి ఎండిపోయింది. పసుపు దంచే రోజు పొద్దున్న ముల్లు ఎడితే పాట ముందుకెల్దు. ఒక్క మాట కాడే పడి కొట్టుకుంటంది. అసిరయ్య పంచి కొంగుతో అడ్డంగా, నిలువుగా రుద్దీసినాడు. ఎవులో కిరసనాయిలు అన్నారు. "మా వొదిన నోట్లో కిరసనాయిలు పోస్తారా!" అని సూరమ్మ ప్లేటు లాక్కుని మా ఇంటికి పరిగెట్టింది. ఎనకాలే అసిరయ్య. నాను పురుటికి పుట్టింటికొచ్చి ఉన్నాను, నిండు కడుపు.

"రావయ్యా, బూడిద అంటుకుంటాది, సూసుకుని నడు" అన్నాను. వొదుల్తానా? ఆడు తలొంచుకున్నాడు. "కొల్లయ్య బావా, గీతలు గుండ్రంగా ఉన్నాయి, సెయ్యి గుండ్రంగా తిరగదు. నీ కుండలు సేసే సారె తిరుగుతాది" అన్నాది సూరమ్మ. మా అన్న ప్లేటు అటూ ఇటూ తిప్పి సూసినాడు. ఆకర్ని, "ఆ పాట ముందు మా వాకిట్లో పాడాల. మా సెల్లి పెళ్లికి రాని పాట" అన్నాడు. సరే అన్నాడు అసిరయ్య.

ఇంక సూడు, మా అన్న సారె కడిగి, మెత్తటి గుడ్డ పరిసి ప్లేటు ఎట్టినాడు. మధ్య కాగితం బిళ్ల తడవకుండా పెమిద బోర్లించి సుట్టూ పిండి ముద్దతో మూసీసినాడు. కుంకుడు రసం వొడకట్టి నురగ మాత్తరమే తీసి, కుండ మూతి నున్నగా సేసే తడిగుడ్డకి పట్టించి, సారె నెమ్మదిగా తిప్పి గుడ్డ అలా ఆనించినాడంతే. రుద్దలేదు. గుడ్డ కదల్దు, ప్లేటే తిరుగుతంది. పసుపు నీళ్లు కారుతున్నాయి. నూతి నీళ్లు వొద్దు, ఉప్పు కడతాదని నానే దాసిన వాన నీళ్లు తెచ్చి పోసినాను. నీడన ఆరబెట్టినాం.

అసిరయ్య పాటల పెట్టి తెచ్చి ప్లేటు ఎడితే, మా వాకిట్లో తవుడమ్మ పాడింది. నా కడుపులో పిల్ల తన్నింది. తర్వాత ఆలింట్లో రోకళ్లు ఎత్తినారు. పాట సాగుతంది గాని, తిరిగినప్పుడల్లా ఒక "టక్కు" ఉండిపోయింది. అసిరయ్య మొకం మాడిపోయింది. నీలవేణి సెవొగ్గి ఇన్నాది. "మావా, అమ్మ పాడతానే రోకలి కూడా ఏస్తంది!" అని ఆ టక్కుకే తన రోకలి దించింది. ఏడుస్తా నవ్వుతా దంచింది గుంట. అందరూ ఆ టక్కుకే దంచినారు.

ఆ టక్కు మా సారె వల్ల వొచ్చిందని ఇప్పటికీ అనేవోలున్నారు. అన్నోల నోట్లో మన్ను. అది అసిరయ్య పంచితో రుద్దిన గీత. ఆడు మంచోడే, నా కూతురు పెళ్లికి పిలవకుండానే మైకు కట్టినాడు. నా పెళ్లికి మాత్తరం రాలేదు.