వంటింట్లో మోగే బెల్

వంటింటి గోడకున్న వైర్‌లెస్ బెల్‌ను విప్పి చూస్తున్నాడు ఎలక్ట్రీషియన్. ఇంటి కోడలు తలుపు దగ్గరే నిలబడింది.

“అత్తయ్య మంచం దగ్గరి బటన్ బీరువాలో పెట్టి తాళం వేశాను తమ్ముడూ. ఆవిడ పోయి నెలైంది. అయినా రోజూ మోగుతోంది.”

“దయ్యాలకి బ్యాటరీలతో పనేంటక్కా? పక్కింటివాళ్లదీ ఇదే రకం బెల్. వాళ్లు నొక్కితే మీదీ మోగుతుంది.”

“అంతేనా?”

“అంతే. వాళ్లది బిగించింది నేనే. సిగ్నల్ మార్చాల్సింది, మర్చిపోయా.”

“ఎప్పుడు బిగించావు?”

“మూణ్ణెల్లయింది. ఏంటక్కా, అలా కూర్చుండిపోయారు?”

“అప్పట్నుంచే అత్తయ్య ఊరికే బెల్ కొట్టి నన్ను పరిగెత్తిస్తోందనుకున్నా. ‘నేను నొక్కలేదే అమ్మాయ్’ అంటే నమ్మలేదు. ఒకరోజు ఒళ్లు మండి, బటన్ లాక్కుని బజారుకెళ్లిపోయా.”

“తర్వాత?”

“వచ్చేసరికి మంచం కింద పడి ఉంది. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, మేడమీద. పిలవడానికి ఆవిడ చేతిలో బటన్ లేదు.”

అతను బెల్‌ను తిరిగి గోడకు తగిలించగానే అది మోగింది.

“పక్కింటివాళ్లేనక్కా.”

“తెలుసు,” అంటూనే ఆమె లేచి, అత్తగారి గదికేసి గబగబా నడిచింది.