గురువులు వెయ్యని పైరంగు

ఆ కారు మీద గోరెట్టి గీకకే గుంటా, ఆపు. ఓ పెచ్చు ఊడితే అక్కడితో ఆగదు. మా తమ్ముడు గురువులు అచ్చం ఇలగే మొదలెట్టాడు. నువ్వప్పటికి పుట్టనేదులే. మన కలకత్తా ఖిదిర్‌పూర్ డాకులో ఓడలకి రంగులేసేవోడు. తాడుకి కట్టిన చెక్క మీద కూకొని, ఓడ పక్కన ఏలాడతా, సుత్తితో తుప్పు రాల్చేవోడు. మన వాట్‌గంజ్ లైన్లోనే ఎలీయాజరని ఉండేవోడు, పోర్టులో క్రేను నడిపేవోడు. ఆఫీసరెవరో అమ్మేస్తంటే ఓ పాత నీలం కారు కొన్నాడు. ఏటి కారులే... నీలం మీద అద్దంలాగ ఓ పొరుంటాది సూడు, అది పాము కుబుసంలాగ లేస్తంది. రాళ్లు తగిలిన సోటల్లా రంగు పెచ్చులు. కూతురు తబిత పెళ్లి, హౌరా అవతల చర్చిలో. పిల్లని ఆ కారులోనే దించాలని ఆయన పంతం. షాపులో ఇచ్చీసుంటే పోయేది. మావోడు ఊరుకుంటాడేటి? "ఓడలకి రంగేసినోడ్ని అన్నా, నీ కారెంత" అన్నాడు. నన్నడిగితే, ఈలిద్దరి పంతానికీ ఆ పిల్ల పెళ్లి తాకట్టు.

ఓడ రంగోల లెక్కేటంటే, గోరు పట్టిన సోటల్లా ఊడిపోవాల, గట్టి ఇనుం తగిలేదాకా. డోరు మీద అరచెయ్యంత గీకాడా, పక్కన గోరు పట్టింది. అదీ గీకాడు. బానెట్టు, టాపు, డిక్కీ... సాయంత్రానికి కారుకి నీలమన్నది నేదు. ఎలీయాజరొచ్చి సూసి అరుగు మీద కూలబడిపోయాడు. "ఒరే గురువులూ, పెచ్చులు సరిసెయ్యమన్నాను గాని తోలు ఒలిసీమన్నానేటిరా?" "ఇనుం తుప్పడతాది, ఆగన్నా" అని, ఓడకేసే ఎర్ర ప్రైమరు పైనించి కిందదాకా పూసీసాడు. అది ఆరితేగాని పైన నీలం ఎయ్యకూడదట. ఆరితే కదా, శ్రావణం వాన. పెళ్లినాటి పొద్దున్నకీ సెయ్యెడితే అంటుకుంటంది.

ఆ రోజే బంద్. ఎర్రజెండావోలదే. టాక్సీ నేదు, బస్సు నేదు, ట్రామూ నేదు. మొగపెళ్లివోరు ముందురోజే చర్చి కాడ దిగి, ఆలస్యమైతే ఎల్లిపోతామని సణుగుతున్నారు. ఎలీయాజరు పుట్టాక ఎర్రజెండా పట్టనోడు, "ఈ రంగు బండి నాను తోలను" అంటాడు. తబిత తెల్లచీరతో వచ్చి, "అలగైతే నాన్నా, నువ్వు నడిసిరా" అని డోరు తీసుకొని కూకుంది. నానూ మావోడూ ఎక్కాం. మరేటి సేస్తాడు, తోలాడు.

బ్రిడ్జి ముందు కుర్రోలు బల్లలడ్డం ఎట్టారు. పక్క సీట్లోంచి మావోడు పిడికిలి బయటకెట్టాడు. ఓ కుర్రోడు కారు సుట్టూ తిరిగి సూసి, "పార్టీర్ గాడి, ఛేడే దావ్" అన్నాడు, పార్టీ బండి ఒగ్గీయండని. బల్ల తీసీసి ఎలీయాజరుకి లాల్ సలాం కూడా కొట్టాడు. ఎదర అద్దం కింద ఎట్టుకున్నదేమో బైబులు. ఈయన తిరిగి అననూ నేడు, అనకండా ఉండనూ నేడు. దగ్గాడు.

చర్చి కాడ దిగితే, ఓలమ్మ, తబిత కుచ్చిళ్ల అడుగున జానెడు ఎరుపు. డోరుకి రాసుకుంది. పిల్ల మొకం బిక్కసచ్చిపోయింది. లోపల పాట మొదలైపోయింది. కిరసనాయిలు రాస్తే ఇంకా పాకుద్ది. "కదలకే తల్లీ" అని మావోడు డిక్కీలోంచి డబ్బా, కుంచె తీసి, మెట్ల మీద మోకాళ్లేసి, మరక ఎంత ఎడల్పో అంతే ఎడల్పున చీర సుట్టూ గీసుకుంటా ఎల్లాడు. ఓడ నీట్లో ఎందాకా మునుగుద్దో ఆ గీత గీసిన సెయ్యి కదా, ఎక్కడా వొంకర నేదు. బెంగాలీ ఆడోలు పూజకి కట్టుకునే చీరలాగ, తెలుపుకి ఎర్రంచు. వియ్యపురాలు ఒంగి సూసి, "కలకత్తా అంచు బాగుంది, ఎక్కడ కొన్నారు?" అని నన్నే అడిగింది. డాకులో అన్నాను.

నీలమా? వానలు తగ్గాక ఏస్తానన్నాడు. తగ్గకముందే జొరమొచ్చి పోయాడు. ఆ కారు ఎర్రగానే తిరిగింది. రంగేయించీయరాదా అని ఎవులైనా అంటే ఎలీయాజరు, "గురువులు పని సగంలో ఉంది. ఆడి పనిలో ఇంకోడి సెయ్యి ఎట్టనీను" అనేవోడు. ముసిలోడైపోయాక కూడా అదే మాట, ఆడేదో టీ తాగడానికి ఎల్లినట్టు...

ఏటలగ సూస్తన్నావు? చేపలోడు ఎల్లిపోతన్నాడు, కేకెయ్యి.